నా ఫోటోలోంచి దారిని చెరిపేశాను, నాయన కనిపెట్టాడు

పెన్నా_గాలి

ఎనిమిదేళ్లుగా మన సీమలో తిరిగి ప్రకృతి ఫోటోలు తీస్తున్నాను. గండికోట, బెలుం, యాగంటి, ఓర్వకల్లు రాళ్లు, లంకమల అంచులు. ఉద్యోగం కడపలో, సొంతూరు జమ్మలమడుగు పక్కన. ఊళ్లో గ్రంథాలయం గోడల మీద పెడదామని ఈసారి 36 ఫోటోలు ఎంచి, పెద్ద సైజులో ప్రింట్ వేయించి ఇంటికి తీసుకుపోయాను.

మా నాయనకు డెబ్బై నాలుగేళ్లు. మంచం మీద కూర్చొని ఒక్కొక్కటే ఒళ్లో పెట్టుకొని చూశాడు. గండికోట లోయ ఫోటో దగ్గర ఆగాడు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. పొద్దున ఆరున్నర వెలుతురు, ఎర్రరాయి, కింద పెన్న నీళ్లు. ఆయన వేలితో ఒక చోట తడిమి, "ఈడ మేకలు దిగే దోవ ఉండాల నాయనా, యాడికి పోయింది?" అన్నాడు.

ఆ దోవను నేనే చెరిపేశాను. రాయి మీద సన్నటి తెల్లగీత అది, వంకర్లు తిరుగుతూ నీళ్ల దాకా దిగుతుంది. ఏళ్ల తరబడి గిట్టలకు రాయి అరిగి తేలిన గీత. దాని మీద తలగుడ్డ కట్టుకున్న మనిషి ఒకడు, నాలుగు మేకలు ఉన్నాయి. కంటికి అడ్డంగా ఉందనిపించి ఎడిటింగ్‌లో మొత్తం తీసేసి, పక్క రాయి రంగే పూశాను. పది నిమిషాల పని. నాయన చిన్నప్పుడు ఆ దోవనే మేకలు తోలుకొని నీళ్లకు దిగేవాడంట. నాకు ఇన్నేళ్లుగా తెలియదు, నేను అడగనూ లేదు.

ఆ రాత్రి 36 ఫోటోలూ మళ్లీ ముందేసుకున్నాను. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. యాగంటిలో మెట్ల మీద భక్తులు పోయేదాకా గంటన్నర కాచుకొని తీశాను. ఓర్వకల్లులో కరెంటు తీగలు చెరిపాను. ఒక గుట్ట మీద రాతికి పసుపు కుంకుమ పూసి ఉంటే, ఆ రాయిని ఫ్రేమ్ బయటికి తోసేసి మిగతాది తీశాను.

ఇట్లా చేయమని నాకెవరూ చెప్పలేదు. మనిషి లేని చోటే అందమైన చోటు అన్న నమ్మకం నాలో ఎప్పుడు కుదురుకుందో నాకే తెలియడం లేదు. నాయనకు ఆ లోయ అంటే ఆ దోవే. మీరు మీ ఫోటోల్లోంచి ఏం తీసేస్తారు? తెలుసుకోవాలని ఉంది.

గుంతకల్_జంక్షన్

మా వైపు కరెంటు తీగలు, గాలిమరలు చెరపడం మొదలుపెడితే ఫోటోలో ఆకాశం ఒక్కటే మిగులుతుంది. అందుకే నేను చెరపను.

కలివిపొద

నాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. మీరు తీసేది పత్రికకు వార్తా ఫోటో కాదు కదా. ఫ్రేమ్ కట్టడమంటేనే కొన్ని వదిలేయడం. పిట్టల ఫోటోలకైతే మనిషి లేకపోవడం అందం కోసం కాదు, అవసరం. మనిషి అలికిడి ఉన్న చోట కొన్ని పిట్టలు గూడు వదిలేసి పోతాయి. బద్వేలు చుట్టుపక్కల పదేళ్లు తిరిగిన అనుభవంతో చెప్తున్నా, అడవికి మనం చేయగల పెద్ద మేలు అక్కడ లేకుండా ఉండటమే.

ప్రొద్దుటూరు_స్టూడియో

ముప్పై రెండేళ్లుగా స్టూడియో నడుపుతున్నా. అంతకుముందు అదే స్టూడియోలో పనికుర్రాణ్ణి. మీరు మనుషుల్ని తీసేస్తే మేం మనుషుల్ని కలిపేవాళ్లం.

ముగ్గురు కలిసి ఫోటో దిగకూడదని మన ఇళ్లల్లో గట్టి పట్టింపు, ముఖ్యంగా నడుమ నిలబడిన వాళ్లకు మంచిది కాదని. తల్లి, తండ్రి, కొడుకు వచ్చేవాళ్లు. తీరా లైట్లు వేశాక ముసలమ్మ ఎవరో గుర్తు చేసేది. అప్పుడు మా సేఠు నన్ను పిలిచి, చేతులు కడిగించి, తల దువ్వించి పక్కన నిలబెట్టేవాడు. ప్రొద్దుటూరులో ఎన్ని ఇళ్ల గోడల మీద నేను నాలుగో మనిషినో లెక్క లేదు. ఒక ఇంటికి పెళ్లి ఆర్డరు మాట్లాడటానికి పోతే, "ఈ పిల్లోడు మీ చుట్టమా?" అని వాళ్ల కోడలు అత్తను అడుగుతోంది. అత్త కూడా ఆలోచిస్తోంది.

అబద్ధం ఫోటోనే అది. కాని ఆ ఇంటివాళ్ల భయం, ప్రేమ రెండూ అందులో నిజంగా ఉన్నాయి.

గుంతకల్_జంక్షన్

స్టూడియో అన్నా, మా ఇంట్లో కూడా ఒక గుర్తు తెలియని పిల్లోడు ఉన్నాడు. రేపు ఫోటో పంపిస్తా, నువ్వేనేమో చూసుకో.

కదిరి_మల్లె

పసుపు కుంకుమ పూసిన రాయిని బయటికి తోశానన్న మాట దగ్గర ఆగిపోయాను.

తిమ్మమ్మ మర్రిమాను మా కదిరికి దగ్గరే. దాదాపు ఐదెకరాల మేర పరుచుకున్న ఒకే మాను, 1989లో గిన్నిస్ బుక్కుకు ఎక్కింది. ఎవరు ఫోటో తీసినా ఊడలు, వాటి నడుమ పడే వెలుతురు. అక్కడ కొమ్మలకు చిన్న చిన్న ఊయల గుడ్డలు కట్టి ఉంటాయి, పిల్లల్లేని వాళ్లు మొక్కుకొని కట్టినవి. వాటిని కనబడకుండా తిప్పి తీస్తారు. ఒకాయన నా ముందే కర్రతో గుడ్డను పక్కకు జరిపి తీశాడు. "చెత్తగా ఉంది మేడమ్" అన్నాడు.

పెళ్లైన తొమ్మిదేళ్లకు మా అమ్మ అక్కడ పసుపుపచ్చ గుడ్డ కట్టింది. తర్వాత నేను పుట్టాను. గుడ్డ వల్లే పుట్టానని నేను అనుకోవడం లేదు. కాని దాన్ని చెత్త అంటే ఊరుకోలేకపోయాను.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఆ మాను కథ ఏమంటే, 1434లో తిమ్మమ్మ భర్త చితి ఎక్కిందని, చితికి నాటిన గుంజ చిగురించి మాను అయ్యిందని. ఒక ఆడమనిషి కాలిపోయిన కథకు నేను చేతులు జోడించలేను. అందుకే అక్కడి గుడి ఫోటో నేను ఇంతవరకు ఒక్కటీ తీయలేదు. అంటే నేనూ తీసేసేవి ఉన్నాయి. అమ్మ నమ్మకాన్ని ఉంచి, ఆ కథను వదిలేశాను. సరైందో కాదో తెలియదు కాని, ఏం చేస్తున్నానో తెలిసే చేస్తున్నాను.

పెన్నా_గాలి

కదిరి_మల్లె గారూ, నాకు రాని మాట మీరు చెప్పారు. నేను తెలియకుండా చేశాను, మీరు తెలిసి చేశారు. తేడా అక్కడే ఉంది.

రాళ్ల_పిచ్చి

తాడిపత్రిలో ఉంటాను, కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్తాను. మా పద్ధతి వేరు. రాతి ఫోటో తీస్తే పక్కన సుత్తి పెడతాం, లేకుంటే పెన్ను, నాణెం, ఏదీ లేకుంటే చెప్పు. లేకపోతే ఆ రాయి అంగుళమంతో ఆమడంతో చూసేవాడికి తెలియదు. గండికోట ఫోటోలో ఆ మనిషి, ఆ మేకలు ఉంటేనే లోయ లోతు తెలిసేది. మీరు అడ్డమని తీసేసింది కొలబద్దను.

వేంపల్లె వైపు సున్నపురాతిలో స్ట్రొమటొలైట్లు ఉంటాయి. ఉల్లిగడ్డను అడ్డంగా కోస్తే కనిపించే పొరల్లాంటి గుర్తులు. కంటికి కనిపించనంత చిన్న జీవులు సముద్రం అడుగున పొర మీద పొర కట్టిపోయిన ఆనవాళ్లు, నూరు కోట్ల ఏళ్లకు చాలా పైమాటే. ఒకసారి వాటికోసం పోతే రైతు ఒకాయన ఆ రాయి మీదే కూర్చొని సద్ది తింటున్నాడు. లేవమనబోయి ఊరుకున్నాను. ఆ ఫోటో ఇప్పుడు నా క్లాసులో ప్రతి ఏడాదీ చూపిస్తాను. సముద్రం ఎండిన చోట మనిషి సద్ది తింటున్నాడని పిల్లలకు చెప్తే, కాలమంటే ఎంతో వాళ్లకు ఒక్కసారిగా తడుతుంది.

నూర్_కడప

నా కథ పెన్నా_గాలి అన్నకు పూర్తిగా తలకిందులు.

మా దాదా నమాజు చేసే గదిలో ప్రాణమున్న వాటి బొమ్మ ఏదీ ఉండకూడదు. బొమ్మలున్న ఇంటికి దేవదూతలు రారని ఆయన నమ్మకం. క్యాలెండర్ మీద ఆవు ఉంటే దాని ముఖానికి కాగితం అంటించేవాడు. నేను ఇంటర్‌లో కెమెరా కొనుక్కుంటే కోప్పడలేదు, "మనుషుల్ని తీయొద్దు బేటా" అని మాత్రం అన్నాడు. ఆ మాట మీద ఆరేళ్లు రాళ్లు, నీళ్లు, మబ్బులే తీశాను. ప్రకృతి ఫోటోగ్రాఫర్‌ని అయ్యింది ఆయన నమ్మకం వల్లే, నా ఇష్టం వల్ల కాదు. తర్వాత అదే ఇష్టమయ్యింది.

దాదా పోయి మూడేళ్లు. ఆయనది ఓటరు కార్డు మీదున్న ఫోటో ఒక్కటే మిగిలింది, గోరంత. ఆరేళ్లు రోజూ నా పక్కనే కూర్చున్న మనిషిని ఒక్కసారి కూడా తీయలేదు. ఆయన మాట నిలబెట్టానన్న తృప్తి ఉంది. ఆయన ముఖం మరిచిపోతానేమోనన్న భయమూ ఉంది. రెండూ తగ్గడం లేదు.

ఇంకో మాట. గండికోటలో జుమ్మా మసీదు, మాధవరాయ గుడి గోపురం ఒకే ఫ్రేములో పడే చోట్లు ఉన్నాయి. అక్కడ నిలబడి వచ్చిపోయే వాళ్ల కెమెరాలు ఎటు తిరుగుతున్నాయో ఒక పూట చూశాను. కొందరు మసీదును కోసేసి గోపురం, కొందరు గోపురం కోసేసి మీనారులు. రెండూ పడేలా తీసినవాళ్లు తక్కువ. ఎవరూ తప్పు చేయడం లేదు, ఎవరి మనసులో ఉన్నది వాళ్లు తీసుకుపోతున్నారు.

ప్రొద్దుటూరు_స్టూడియో

నూర్, ఆ ఓటరు కార్డు నాకు పంపు. గోరంత ఫోటోను పెద్దది చేసి ఇవ్వడం నా పని. డబ్బుల మాట ఎత్తొద్దు.

నూర్_కడప

అన్నా, నెల రోజులు టైం ఇవ్వు. ఇంట్లో అమ్మతో మాట్లాడాలి. పెద్దది చేస్తే దాదా ఒప్పుకునేవాడా అని నాకే ఇంకా తేలలేదు.

ప్రొద్దుటూరు_స్టూడియో

తొందరేం లేదు నాయనా. ఎప్పుడైనా సరే.

బనగానపల్లె_మామిడి

నమ్మకాల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. యాగంటి గుడిలో రాతి బసవన్న పెరుగుతున్నాడన్నది ఫోటోలతో తేల్చొచ్చా? మా నాన్న దగ్గర 1978లో తీసిన ఫోటో ఉంది. అమ్మానాన్న బసవన్న పక్కన నిలబడ్డారు. ఈమధ్య నేను అదే చోట నిలబడి తీస్తే స్తంభానికి, బసవన్నకు మధ్య సందు తక్కువగా కనిపిస్తోంది. ముందు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమని మా నాన్నమ్మ చెప్పేది, ఇప్పుడు వీలు కాదు.

రాళ్ల_పిచ్చి

అక్కడ అందరూ చెప్పే లెక్క 20 ఏళ్లకు 1 అంగుళం. 1978 నుంచి అంటే రెండంగుళాలకు కొంచెం పైన. ఆ కాస్త తేడా రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే తేలదు. మీ నాన్నగారి ఫోటో తీసిన లెన్స్ వేరు, మీది వేరు. ఒక అడుగు ముందుకు జరిగినా సందు మారిపోతుంది. అదే కెమెరా, అదే లెన్స్, నేల మీద చెరిగిపోని గుర్తు పెట్టి అక్కడి నుంచే ఏళ్ల తరబడి తీస్తే అప్పుడు మాట్లాడొచ్చు.

బనగానపల్లె_మామిడి

సార్, అంటే పెరగడం లేదంటారా?

రాళ్ల_పిచ్చి

ఫోటో సాక్ష్యం కాదంటున్నా, అంతే. రాయి ఎందుకు పెరుగుతుందో నాకు తెలిసిన శాస్త్రంలో జవాబు లేదు. మీ ఫోటోలో నన్ను పట్టుకున్నది బసవన్న కాదు. మీ అమ్మగారు ఆయన మెడ మీద చెయ్యి వేసి నిలబడి ఉంటారని ఊహిస్తున్నా. అవునా?

బనగానపల్లె_మామిడి

అవును సార్! సొంత ఎద్దు మీద వేసినట్టే వేసింది. మా అమ్మ పుట్టింట్లో ఎడ్లు ఉండేవి.

గుంతకల్_జంక్షన్

యాగంటిలో అగస్త్యుడి శాపం వల్ల కాకులు వాలవంటారు కదా. కాకి లేకపోవడాన్ని ఫోటో తీయడం ఎట్లా? ఎవరైనా పెద్దలు చెప్పండి.

పాపఘ్ని

అంతకన్నా కష్టమైనది మా గండి క్షేత్రంలో ఉంది. వేంపల్లె దగ్గర పాపఘ్ని కొండను చీల్చుకొని పోయే చోటు. లంక నుంచి తిరిగొచ్చే రాముడి కోసం వాయుదేవుడు ఈ కొండకూ ఆ కొండకూ మధ్య బంగారు తోరణం కట్టాడంటారు. అది ఇప్పటికీ ఉందంట. కాని పోయే కాలం దగ్గరపడిన పుణ్యాత్ములకే కనిపిస్తుంది. దత్తమండలాలకు (మన సీమను అప్పట్లో అట్లా అనేవాళ్లు) కలెక్టర్‌గా చేసి, తర్వాత మద్రాసు గవర్నర్ అయిన మన్రో దొర ఈ దారిన పోతూ తోరణం చూశాడని, పక్కనున్న వాళ్లకు కనిపించలేదని మా అవ్వ చెప్పేది. ఆయన 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు, అది చరిత్ర. తోరణం మాట మా వాళ్ల నోటి మాట.

నేను అక్కడ కనీసం యాభైసార్లు ఫోటో తీసి ఉంటాను. ప్రతిసారీ రెండు కొండల మధ్య ఖాళీ ఆకాశమే ఫ్రేమ్ నడుమ పెడతాను. వేరే ఊరివాళ్లు చూసి, నడుమ ఏమీ లేదు కదా, కొంచెం పక్కకు జరపాల్సింది అంటారు. మా ఊరివాళ్లు చూస్తే వాళ్ల కళ్లు నేరుగా ఆ ఖాళీ దగ్గరికే పోతాయి.

గుంతకల్_జంక్షన్

ఆ తోరణం కనిపించే ఫోటో ఎవరికైనా పడితే దయచేసి ఇక్కడ పెట్టకండి.

కదిరి_మల్లె

పాపఘ్ని గారూ, ఖాళీని నడుమ పెట్టడం అన్నది ఎంత బాగుందో! నాకు ఆ ఫోటో చూడాలని ఉంది. (గుంతకల్ గారూ, ఖాళీ ఉన్నదే అడుగుతున్నా.)

కలివిపొద

అందరూ ఒకే వైపు పోతున్నారు, నేను కొంచెం అడ్డం పడతా. నమ్మకం ఉన్న చోటల్లా ప్రకృతి బాగుంటుందన్నట్టు రాస్తున్నారు. దసరా రోజు పాలపిట్ట కనిపిస్తే మంచిదని మన నమ్మకం. దాంతో ఏం జరుగుతోంది? పిట్టను పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి వీధి వీధీ తిప్పి చూపించి డబ్బులు తీసుకుంటున్నారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. జనం దండం పెట్టి, ఫోటో తీసుకొని పోతున్నారు. జిగురు అంటుకున్న ఆ రెక్కలు నా చేత్తో కడిగాను ఒకసారి. మూడో రోజు చచ్చిపోయింది. ఇదీ నమ్మకమే.

హంద్రీ_తీరం

కలివిపొద మాటతో ఏకీభవిస్తున్నా. అయితే అక్కడ తప్పు నమ్మకానిదా, కెమెరా ముందు నమ్మకాన్ని అమ్మేవాళ్లదా?

మా దేవరగట్టు సంగతే చూడండి. దసరా రాత్రి మాళమల్లేశ్వరుడి ఉత్సవం, కర్రల సమరం. బయటి నుంచి వచ్చే కెమెరాలన్నీ నెత్తురు కోసమే. నేనూ మొదటి ఏడాది అదే తీశాను, నాలుగు చోట్ల అచ్చయ్యింది. కర్రలు ఎత్తే ముందు ఊళ్లవాళ్లు పాలబాస చేస్తారు. పాల మీద ప్రమాణం, ఒకరి మీద ఒకరికి కక్ష లేదని. చీకట్లో, దివిటీ వెలుగులో ఆ చేతులు తీశాను రెండో ఏడాది. ఇంతవరకు ఎవరూ అడగలేదు ఆ ఫోటో. కాని కొండను, ఆ రాత్రిని నాకు అర్థం చేయించింది అదే.

పెన్నా_గాలి

కలివిపొద గారూ, పాలపిట్ట సంగతి చదివి బాధేసింది. నేను అన్ని నమ్మకాలూ మంచివని అనడం లేదు. నాది కూడా ఒక నమ్మకమే, మనిషి లేకుంటేనే ప్రకృతి అన్నది. దాన్ని నేను నమ్మకం అనుకోలేదు, ఫోటోగ్రఫీ అనుకున్నాను. అదే నన్ను తొలుస్తోంది.

కలివిపొద గారూ, మీ పేరులో ఉన్న పిట్ట కథ మీరే చెప్పండి, అందరికీ తెలియకపోవచ్చు.

కలివిపొద

చెప్తా. కలివికోడి. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. 1848లో జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు దీన్ని కనుక్కున్నాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో మన కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే పిట్ట, పెద్ద పెద్ద కళ్లు, మెడ కింద రెండు పట్టీలు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతికారు. కాని పట్టి చూపించింది ఊళ్లో పిట్టలు పట్టే మనిషి, రాత్రి టార్చి వేసుకొని పోయి పట్టాడు. దాని కోసమే లంకమల అభయారణ్యం వచ్చింది. తర్వాత తెలుగుగంగ కాలువ పని దాని చోటు దాకా వస్తే, పోట్లాడితేగాని కాలువ దారి మారలేదు.

రాళ్ల_పిచ్చి

మీరు చెప్పిన కథే మీ మొదటి పోస్టుకు జవాబు కదా. ఎనభై ఆరేళ్లు శాస్త్రానికి కనిపించని పిట్టకు ఊళ్లో పేరుంది. అక్కడ మనుషులు ఉన్నారు, పిట్టా ఉంది. మేకలు తిరిగే ఆ పొదల్లోనే ఉంది.

కలివిపొద

ఒప్పుకుంటా, సగం. మేకలు కాస్త తిరిగే పొద దానికి కావాలి, మరీ చిక్కగా ఉంటే పరుగెత్తలేదు. పశువులు మరీ ఎక్కువైనా పొద మిగలదు. కాబట్టి మేకలకాపరితో నాకు గొడవ లేదు. నా గొడవ ఫోన్‌లో పిట్ట కూత పెట్టి, రాత్రిపూట ఫ్లాష్‌లు కొట్టే మనలాంటి వాళ్లతో. "అక్కడ లేకుండా ఉండటం" అన్నది మేకలకాపరికి కాదు, మనకు. మొదటి పోస్టులో ఆ మాట సరిగ్గా చెప్పలేదు.

చెరువుకట్ట

మా హిందూపురం వైపు వీరాపురం గురించి ఎవరూ ఎత్తలేదేం? ఎర్రకాళ్ల కొంగలు. ముందుగా ఒక మాట: అవి సైబీరియా నుంచి రావు. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అట్లా రాస్తారు. మన దేశపు కొంగలే, గూళ్లు పెట్టుకోవడానికి ఊళ్లో చెట్ల మీదికి వస్తాయి.

అక్కడ మనిషి లేకుండా ఫోటో తీయాలంటే కుదరదు. చింతచెట్టు కింద ఇల్లు, ఇంటి ముందు ఆరేసిన చీరలు, పైన ఒకే కొమ్మకు ఏడెనిమిది గూళ్లు. మా పెద్దమ్మ ఇంటి చెట్టు అట్లాంటిదే. పిల్లలు ఎగిరేదాకా ఆ చెట్టు చింతకాయలు దులపదు. వాకిలంతా రెట్ట, చేపల వాసన. నేను ముక్కు మూసుకుంటే, "కాన్పుకొచ్చిన ఆడబిడ్డ ఇల్లు శుభ్రంగా ఉంటాదా?" అంది. నా దగ్గర కొంగల ఫోటోలు వెయ్యికి పైనే ఉంటాయి. ఆ మాట విన్నాక తీసింది ఒక్కటే ఉంచుకున్నా. పెద్దమ్మ వాకిలి ఊడుస్తోంది, తల మీద ఆకు పడకుండా కొంగు కప్పుకుంది, పైన కొమ్మ మీద పిల్లకొంగ కిందికి తొంగి చూస్తోంది.

నల్లమల_బాట

ఆళ్లగడ్డ దగ్గర టీచర్‌ని. అహోబిలం అడవిలో చెంచు పిల్లలు నా బడికి వస్తారు. మనుషుల్ని తీయండి, తీయండి అని అందరూ అంటున్నారు కదా, నాకు కొంచెం టెన్షన్‌గా ఉంది. వారాంతం వస్తే కార్లలో వచ్చి, వాటర్‌ఫాల్ తీసినట్టే గుడిసె ముందు నిలబడ్డ పిల్లల్ని తీసుకుపోతున్నారు. అడగరు. పేరు కూడా అడగరు. మూడో తరగతి పాప నన్నడిగింది, "మేడమ్, మా ఫోటో యాడికి పోయింది?" అని. మీ నాయనగారు దోవ గురించి అడిగిన ప్రశ్నలాంటిదే, పెన్నా_గాలి గారూ. ఒకచోట మనిషిని చెరిపేస్తున్నారు, ఇంకోచోట మనిషిని ఎత్తుకుపోతున్నారు.

చెంచులకు అహోబిలం నరసింహస్వామి అల్లుడు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కదా. కనుమ నాడు మొదలయ్యే పారువేట ఉత్సవంలో స్వామి పల్లకీ ఊరూరా తిరుగుతుంది, నలభై రోజులకు పైనే. అడవి అంటే వాళ్లకు దేవుడి అత్తవారిల్లు. ఆ ఇంటికి పోయి చెప్పకుండా ఫోటోలు తీస్తామా?

పెన్నా_గాలి

లేదు మేడమ్. అడిగి తీస్తాను. తీసింది తెచ్చి ఇస్తాను.

కదిరి_మల్లె

ఆ పాప ప్రశ్న నాకు రెండు రోజులుగా బుర్రలోంచి పోవడం లేదు.

పెన్నా_గాలి

తొమ్మిది రోజుల తర్వాత మళ్లీ వచ్చాను.

ఆ గండికోట ఫోటో అసలు ఫైలు వెతికితే దొరకలేదు. హార్డ్ డిస్క్ ఒకటి చెడిపోయింది, అందులోనే పోయినట్టుంది. చెరిపేసిన ఫోటోనే మిగిలింది. ఆదివారం నూర్ తోడు వచ్చాడు, పొద్దున అయిదున్నరకే పోయాం. నాయన కూడా వస్తానన్నాడు. మోకాళ్లు సహకరించవు కాబట్టి మసీదు మెట్ల దగ్గర కూర్చోబెట్టి, ఫోన్‌లో మాట్లాడుతూ మేం అంచు వెంబడి నడిచాం. "పుట్టలా ఉన్న బండ దాటు. దాటినావా? ఎడమకు చూడు, ఎర్రరాతిలో తెల్లచార." కనిపించింది. పై సగం స్పష్టంగా ఉంది, కింది సగం నీళ్లలో మునిగిపోయింది. మైలవరం డ్యాం నీళ్లు నిండుగా ఉన్నాయి ఇప్పుడు.

కాసేపటికి ముగ్గురు మేకలకాపర్లు వచ్చారు. విషయం చెప్పి అడిగాం. ఒకాయన నవ్వి, "మమ్మల్ని తీసేదేముంది, ఆ మేకపోతును తీయండి, దానికే ఈ దోవ బాగా తెలుసు" అన్నాడు. మేకపోతు ముందు, ఆయన వెనక. రాయి అరిగిన చోట దాని గిట్ట ఎక్కడ ఆనుతుందో చూసి తీశాను. గిట్ట సరిగ్గా గుంటలోనే పడుతోంది, తాళం చెవి పట్టినట్టు. నూర్ తన కెమెరా తీయలేదు. తిరిగి వచ్చాక మాత్రం మెట్ల మీద కూర్చున్న మా నాయనను అడిగి, ఒక్క ఫోటో తీసుకున్నాడు. ఆరేళ్లు, ఆపైన మూడేళ్లలో అతను తీసిన మొదటి మనిషి ఫోటో. ఇక్కడ చెప్పొచ్చని నూర్ ఒప్పుకున్నాకే రాస్తున్నా.

నాయన ఆ దోవకు పేరు చెప్పాడు. గంగమ్మ మెట్లు అంట. ఎవరూ చెక్కినవి కావు, మేకలు చెక్కినవే.

నూర్_కడప

ఆ ఫోటో అమ్మకు చూపించాను. చాలాసేపు చూసింది. స్టూడియో అన్నా, ఓటరు కార్డు తీసుకొని వచ్చే శుక్రవారం నమాజు తర్వాత వస్తా. గోడకు పెట్టను, పుస్తకంలో దాచుకునేంత సైజు చాలు.

ప్రొద్దుటూరు_స్టూడియో

రా. అరచేతి సైజులో చేద్దాం.

రాళ్ల_పిచ్చి

గిట్ట గుంటలో పడిన ఫోటో నాకొకటి కావాలి. క్లాసులో పెడతా. ఈసారి సుత్తి అక్కర్లేదు.

పెన్నా_గాలి

తప్పకుండా పంపిస్తా సార్. గ్రంథాలయం వాళ్లు 36 మేకులే కొట్టారు, ఇక గోడ మీద చోటు లేదంటున్నారు. గంగమ్మ మెట్లు పెట్టాలంటే ఒకటి తీసేయాలి. గంటన్నర కాచుకొని తీసిన ఆ యాగంటి మెట్లు తీసేస్తున్నా.

బనగానపల్లె_మామిడి

అన్నా, తీయడానికి మా యాగంటిదే దొరికిందా? అయితే దాని చోట మా అమ్మ బసవన్న మెడ మీద చెయ్యేసిన ఫోటో పెట్టండి. ఇంకో మేకు నేనే తెచ్చి కొడతా.